రెండు చివర్లూ అరిగిన మామత్ పన్ను: ఎటు ముందు, ఎటు వెనక? (ఒక కేస్ స్టడీ)

నేను శిలాజాలు శుభ్రం చేయడం, విరిగినవి అతకడం, ఏది ఏంటో గుర్తించి లేబుల్ రాయడం చేస్తుంటాను. అందులో ఎక్కువగా ఏనుగు జాతి పళ్ళే వస్తాయి. ఈ కేస్ ఎందుకు రాస్తున్నానంటే, మామత్ (అంతరించిపోయిన ఒక ఏనుగు జాతి) పన్ను గుర్తించడానికి మనం వాడే గుర్తులన్నీ ఇందులో ఒకదాన్నొకటి సపోర్ట్ చేస్తూ మరీ తప్పు జవాబు వైపు తీసుకెళ్ళాయి. పన్ను ఎవరిదో, ఏ కలెక్షన్‌దో, ఎక్కడ దొరికిందో వివరాలు తీసేశాను, వాటితో పాఠానికి పనేం లేదు.

ముందు కాస్త బేసిక్స్

తెలిసినవాళ్ళు ఇది స్కిప్ చేయొచ్చు. మామత్ దవడ పన్ను ఒకే ముద్ద కాదు, షెల్ఫ్‌లో నిలబెట్టిన పుస్తకాల్లాగా పలకలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ఒక్కో పలకకి బయట గట్టి ఎనామెల్, లోపల మెత్తటి డెంటిన్, పలకల మధ్య ఖాళీల్లో వాటిని పట్టి ఉంచే సిమెంటం. నమిలేకొద్దీ డెంటిన్, సిమెంటం త్వరగా అరిగి ఎనామెల్ గట్లుగా పైకి తేలుతుంది, గడ్డి నలగ్గొట్టేది ఆ గట్లే.

జీవితం మొత్తంలో దవడలో ఒక్కో పక్కకి ఆరు పళ్ళు వస్తాయి, మూడు పాల దవడపళ్ళు, మూడు అసలు దవడపళ్ళు (ఎం1, ఎం2, ఎం3 అంటాం). అయితే మనకొచ్చినట్టు కింద నుంచి పైకి రావు. వెనక తయారై ముందుకి జరుగుతూ వస్తాయి. అందుకే పన్ను ముందు భాగం ముందుగా నమలడంలోకి దిగి బాగా అరుగుతుంది, వెనక పలకలు చాలాసార్లు ఇంకా చిగురు దాటి కూడా రావు. ముందు చివర అరిగి అరిగి పలకలు పలకలుగా ఊడిపోతుంటే వెనక చివర కొత్తగానే ఉంటుంది. ఈ కేస్ మొత్తం నడిచేది ఈ ఒక్క విషయం మీదే.

ఒక్క పలక అరిగే తీరు కూడా తెలిసుండాలి. అరగని పలక పైన వేళ్ళలాగా చిన్న చిన్న మొనలు ఉంటాయి, వాటిమీద సిమెంటం కప్పి ఉంటుంది. కొంచెం అరగ్గానే ఆ మొనలు అడ్డంగా చిన్న రింగుల వరసలా కనిపిస్తాయి, ఇంకాస్త అరిగితే రింగులు కలిసి మూడు ముక్కలవుతాయి, ఇంకా అరిగితే ఆ మూడూ కలిసి ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒకటే పొడుగాటి లూప్. మరీ అడుగుదాకా అరిగితే పక్కపక్క లూపులు కూడా కలిసిపోయి, చివరికి మిగిలేది డెంటిన్ చదునే. అంటే పైనుంచి చూస్తే చాలు, ఏ పలక ఎంతకాలంగా నములుతోందో చదువుకోవచ్చు.

వచ్చిన సమస్య

ఒక చిన్న మ్యూజియం కలెక్షన్ చూసుకునే ఆవిడ నన్ను సంప్రదించారు. వాళ్ళు మామత్ దవడ నమూనా ఒకటి పెట్టి, పక్కన అసలు పన్ను పెట్టి, ఇది ఇక్కడ ఇలా కూర్చుంటుంది అని బాణం గుర్తుతో చూపిద్దామనుకున్నారు. పాత లేబుల్ మీద "పై దవడ, ఎం3, ఊలు మామత్" అని ఉంది, కింద పెన్సిల్‌తో "ముందు వైపు ఖాయంగా తెలీదు" అని ఇంకెవరో రాశారు.

"లేబుల్ తప్పని నేననట్లేదండీ, ఎటు ముందో చెప్తే చాలు, బాణం వేసుకుంటాం" అన్నారావిడ. అడిగింది అంతే. కానీ నాకు ఆ పెన్సిల్ రాత దగ్గరే అనుమానం వచ్చింది, ఎందుకంటే ఒక పన్నుని నమ్మకంగా ఎం3 అనగలిగితే దాని ముందూ వెనకా తెలీకపోవడం కుదరదు. చివరి పన్ను కాబట్టి ఎం3 వెనక్కి పోనుపోను సన్నబడుతుంది, దాని వెనక ఇంకో పన్ను ఉండదు కాబట్టి వెనక చివర రాపిడి మచ్చ కూడా ఉండదు. ఎం3 అనడానికి చూడాల్సిందే వెనక చివర. అది ఏదో తెలీకుండా ఎం3 అని ఎలా రాశారు?

కాబట్టి లేబుల్‌ని పూర్తిగా పక్కన పెట్టి మొదట్నుంచీ మొదలుపెడదామని డిసైడయ్యా. నా వరస ఎప్పుడూ ఒకటే: పైన ఏది కింద ఏది, ముందు ఏది వెనక ఏది, పై దవడా కింది దవడా, ఎడమా కుడా, ఎన్నో పన్ను, అన్నీ అయ్యాక జాతి. చాలామంది జాతి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు, అందరికీ ముందు తెలుసుకోవాలనిపించేది అదే కదా.

చేసి చూసినవి, ఎక్కడ ఆగిపోయాయి

పైనా కిందా తేలిగ్గానే తేలింది. వేర్లు విరిగిపోయిన పళ్ళలో ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, అడుగు వైపు కూడా పలకల వరసలు కనిపిస్తాయి కాబట్టి దాన్నే నమిలే ముఖం అనుకుంటారు. కానీ నమిలే ముఖం నున్నగా పాలిష్ పట్టినట్టు ఉండి ఎనామెల్ గట్లు పొడుచుకుని ఉంటాయి, అడుగున పలకలన్నీ డెంటిన్‌లో కలిసిపోయి పల్ప్ (పన్ను లోపలి మెత్తటి కండ) ఉండే గుంటలు, వేర్ల మొదళ్ళు ఉంటాయి. ఇక్కడ వేర్ల మొదళ్ళు స్పష్టంగానే ఉన్నాయి.

ముందూ వెనకా దగ్గర ఆగిపోయా. ఒక చివర లూపులు కలిసిపోయేంత అరుగుదల, అది ముందు అనడానికి సరిగ్గా సరిపోతుంది. అయితే రెండో చివర రింగులుండాలి, కనీసం మూడు ముక్కల స్టేజ్ అయినా ఉండాలి. లేవు. అక్కడా నిండు లూపులే! రింగులు ఎక్కడున్నాయంటే పన్ను నడిమధ్యలో. అంటే ఈ జంతువు పన్ను రెండు చివర్లా ఎక్కువకాలం నమిలి మధ్యలో కొత్తగా మొదలెట్టినట్టు లెక్క. వెనక నుంచి ముందుకి జరిగే పన్నుకి ఇది అసాధ్యం. పెన్సిల్ రాత రాసినాయన కూడా ఇక్కడే ఇరుక్కుని ఉంటాడు.

ఇక్కడ నాకు రెండు దార్లున్నాయి. ఎక్కువ అరిగిన చివర ముందు అని రాసేసి బాణం ఇచ్చి పంపడం, లేదా జవాబు రానిదాన్ని రానట్టే ఉంచి తర్వాతి ప్రశ్నకి పోవడం. మొదటిది రాసుంటే అది యాక్సిడెంటల్‌గా కరెక్టే అయ్యుండేది, కానీ మధ్యలో ఉన్న రింగులకి ఏ వివరణా ఉండేది కాదు. ఒక గుర్తు ప్రకృతి ఒప్పుకోని మాట చెప్తుంటే దాన్ని మిగతా గుర్తుల మెజారిటీతో కొట్టేయకూడదు, ఎక్కడో వేరే తేడా ఉందని అర్థం.

పై దవడా కింది దవడా? నమిలే ముఖాన్ని పక్కనుంచి పొడుగ్గా చూస్తే, పై పళ్ళలో అది బయటికి ఉబ్బి ఉంటుంది, కింది పళ్ళలో లోపలికి గుంటగా ఉంటుంది. ఇందులో మధ్యలో మూపురంలా ఉబ్బు, రెండు వైపులా దిగుడు. కాబట్టి పై దవడ. లేబుల్ కూడా అదే అంటోంది. కిరీటం (వేర్లు కాకుండా పన్ను పైభాగం) ఎత్తు కూడా మధ్యలో బాగా ఎక్కువ, సాధారణంగా పై పళ్ళే ఎత్తుగా ఉంటాయి. అన్నీ కలిసాయి. కానీ వెడల్పు చూస్తే పై పన్నుకి ఉండాల్సినంత లేదు, సన్నగా పొడుగ్గా ఉంది. ఆ వెడల్పు నాకు నచ్చలేదు.

ఎడమా కుడా చూద్దామని పైనుంచి వంపు చూశా. కింది పళ్ళకి ఈ వంపు బాగా తెలుస్తుంది, చెంప వైపు లోపలికి వంగి, నాలుక వైపు బయటికి ఉబ్బి ఉంటుంది. పై పళ్ళలో అంత తెలీదు. ఈ పన్ను వంపు ఎలా ఉందంటే, ముందు సగం ఒక పక్కకి, వెనక సగం ఇంకో పక్కకి, పాములా మెలి తిరిగి ఉంది.

పలకల లెక్కా వేశా. 10 సెంటీమీటర్లలో ఎన్ని పలకలు పడతాయి అనేది మామత్ పళ్ళకి స్టాండర్డ్ కొలత. పలకలు పైనుంచి కిందకి సమాంతరంగా ఉండవు, విసనకర్రలా తెరుచుకుంటాయి, అందుకని ఒకేచోట కొలవకుండా పైనా కిందా, రెండు పక్కలా కొలిచి సగటు తీస్తారు. మొత్తం పన్నుకి కొలిస్తే పైనొకటి అడుగునొకటి, పొంతన లేని నంబర్లు వచ్చాయి. సగటు తీస్తే మాత్రం ముచ్చటైన నంబర్ వచ్చింది, లేబుల్ రాసినవాళ్ళు బహుశా అదే వాడుంటారు. సగటుతో ఉన్న సమస్యే అది, రెండు పిచ్చి నంబర్లని కలిపి ఒక బుద్ధిమంతుడైన నంబర్ చేసి చేతిలో పెడుతుంది.

ఆవిడ అంతకుముందే పైనుంచి తీసిన ఒక ఫొటో నలుగురైదుగురికి పంపారట, తలా ఒక మాట చెప్పారట. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు. పైనుంచి ఒక్క ఫొటో చూస్తే వంపూ ఉబ్బూ రెండూ పోతాయి, పలకలు ఎటు వాలాయో అసలే తెలీదు. గుర్తించమని ఎవరికైనా పంపేటప్పుడు పైనుంచి, అడుగు నుంచి, రెండు పక్కల నుంచి, రెండు చివర్ల నుంచి స్కేల్ పెట్టి తీయాలి, లేకపోతే ఎంత అనుభవమున్నా ఊహే చెప్తారు.

రోగమా, అతుకా

ఇప్పుడు నా ముందు రెండు వివరణలు. ఒకటి, ఈ పన్ను బతికుండగానే వంకరగా పెరిగింది. మామత్ పళ్ళలో ఇది ఉన్నదే, పలకలు మెలితిరిగిన పళ్ళు కలెక్షన్లలో బాగానే కనిపిస్తాయి. రెండు, ఎవరో విరిగిన రెండు ముక్కల్ని తప్పుగా అతికించారు.

దేన్ని నమ్మాలి అని కూర్చోకుండా, ఒక్కోటి నిజమైతే ఏం కనిపించాలి అని రాసుకున్నా. రోగమైతే మార్పు నెమ్మదిగా రావాలి, పక్కపక్క పలకలు కూడా కొంత కొంత వంకరపోవాలి, సిమెంటం తెగకుండా సాగాలి, వేర్ల వరస కూడా ఆ వంకరకి తగ్గట్టు వంగాలి. అతుకైతే అన్ని తేడాలూ ఒకే గీత దగ్గర మొదలవ్వాలి, ఆ గీతకి అటూ ఇటూ పలకలు మామూలుగా ఉండాలి.

ముందు భాగంలో 7 పలకలు, వెనక భాగంలో 8. ఏ భాగానికా భాగం చూస్తే ఏ తేడా లేదు. అరుగుదల తిరగబడటం, వంపు మారడం, మూపురం, పలకల వాలు ఒక్కసారిగా ఎదురు తిరగడం, అన్నీ ఏడో పలకకీ ఎనిమిదో పలకకీ మధ్యనే. ఇన్ని రోగాలు కూడబలుక్కుని ఒకే పలక సందులో రావు.

మరి అతుకు కంటికెందుకు కనపడలేదు? మామత్ పన్ను ఎక్కువగా సిమెంటం వెంబడే చీలుతుంది, అంటే పలక వెంట. నిలువుగా, దాదాపు చదునుగా. పింగాణీ కప్పు విరిగితే ముక్కల అంచులే చెప్తాయి ఎక్కడ కూర్చోవాలో, ఇందులో ప్రతి విరుపూ ఇంకో విరుపులాగే ఉంటుంది, ఏ ముఖాన్ని ఏ ముఖానికి పెట్టినా సుమారుగా సరిపోయినట్టే అనిపిస్తుంది. పాతకాలం రిపేర్ కాబట్టి సందు పైన ప్లాస్టర్ లాంటిది పూసి, రంగేసి, పన్నంతా వార్నిష్ కొట్టారు.

రుజువు కోసం మొదట యూవీ లైట్ వేశాం, జిగుర్లు చాలావరకు దాని కింద మెరుస్తాయి. మొత్తం పన్నే మెరిసింది, వార్నిష్ వల్ల. దాంతో ఉపయోగం లేకపోయింది. తర్వాత అడుగున కనపడని చోట అసిటోన్ తడిపిన దూదితో రుద్దితే వార్నిష్ వచ్చేసింది, సందు దగ్గర మాత్రం జిగురు కదల్లేదు, అంటే బహుశా ఎపాక్సీ రకం. అక్కడే ఆపేశాం.

ఆపడానికి కారణముంది. విడదీస్తే సమస్య తీరిపోతుందనిపిస్తుంది కానీ, ఈ పన్నులో అన్నిటికంటే బలహీనమైన చోటు ఎపాక్సీ కాదు, పలకల మధ్య పాత సిమెంటం. లాగినా, వేడి చేసినా ముందు ఊడేది పక్క పలకలే. పైగా ఆవిడ అడిగింది బాణం ఎటు అని, దానికోసం పన్నుని రిస్క్‌లో పెట్టడం నాకు సరైన బేరం అనిపించలేదు. అందుకని సీటీ స్కాన్ అడిగాను.

స్కాన్‌లో అతుకు తేలిపోయింది, జిగురులో గాలి బుడగలు, పైన పూత, లోపల రెండు ముక్కల్నీ కలుపుతూ ఒక లోహపు కడ్డీ. కడ్డీ చుట్టూ చిత్రం గీతలు గీతలుగా పాడైంది గానీ దానికి దూరంగా ఎనామెల్ అంతా శుభ్రంగా కనిపించింది. కడ్డీ ఉందని తెలిశాక విడదీయకపోవడమే మంచిదైంది అనుకున్నాం, బలవంతం చేసుంటే అది లోపల్నుంచి పలకల్ని పగలగొట్టేది.

పనిచేసింది

స్కాన్‌లోంచి రెండు ముక్కల్నీ కంప్యూటర్లో విడివిడిగా తీసి, వెనక ముక్కని నిటారుగా అలాగే ఉంచి అడ్డంగా సగం చుట్టు తిప్పాం, అంతే, దాని వెనక చివర ముందుకొచ్చింది. అన్నీ ఒకేసారి కుదురుకున్నాయి. అరుగుదల ముందు కలిసిపోయిన లూపులతో మొదలై, నిండు లూపులు, మూడు ముక్కలు, రింగులు, ఇలా వెనక్కి వరసగా సాగింది. పాములాంటి మెలి పోయి ఒకటే వంపు వచ్చింది. పలకల వాలు కూడా ఎదురు తిరగకుండా నెమ్మదిగా మారుతూ పోయింది. మధ్య మూపురం మాయమై నమిలే ముఖం గుంటగా తేలింది, అంటే ఇది కింది దవడ పన్ను!

పై దవడ అనిపించడానికి కారణం కూడా అప్పుడే అర్థమైంది. కింది పన్నులో నమిలే ముఖం వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది, అక్కడ పలకలు తక్కువ అరిగి ఎత్తుగా ఉంటాయి. ఆ ముక్కని తిప్పి అతికిస్తే ఎత్తైన చివర మధ్యకొస్తుంది, గుంట పోయి ఉబ్బు వస్తుంది, కిరీటం మధ్యలో ఎత్తుగా కనిపిస్తుంది. ఉబ్బు, ఎత్తు, రెండూ ఒకే తప్పులోంచి పుట్టాయి, కానీ లేబుల్ రాసినాయనకి రెండు వేర్వేరు సాక్ష్యాల్లా కనిపించాయి. వెడల్పు ఒక్కటే ముక్కని ఎటు తిప్పినా మారదు, అందుకే అదొక్కటే నిజం చెప్పింది.

ఆ తర్వాత ఎడమా కుడీ రెండు నిమిషాల పని. నమిలే ముఖం పైకి, ముందు చివర మనకి దూరంగా పెట్టుకుని చూస్తే లోపలికి వంగిన పక్క ఎడమకి వచ్చింది. కింది పన్నులో అది చెంప వైపు, కాబట్టి ఎడమ పన్ను.

ఎన్నో పన్ను అనే దగ్గర మాత్రం ఆవిడకి నచ్చని జవాబే చెప్పాల్సొచ్చింది. వెనక ముక్క అసలు వెనక చివర కూడా విరిగే ఉంది, సన్నబడే భాగం లేదు, వెనక పన్ను రాపిడి మచ్చ ఉండేదో లేదో చెప్పే ముఖమే లేదు. ముందు వైపు మొదటి వేరు లేదు, ఆ వేరు పైన ఉండే పలకలు అరిగి పోయాయి. కాబట్టి 15 పలకలు అనేది కనీస లెక్కే, అసలు పన్నుకి ఎన్ని ఉండేవో ఇది చెప్పదు. సైజుని బట్టి ఎం2 గానీ ఎం3 గానీ. అంతకంటే ముందుకి వెళ్ళలేను.

"ఎం3 అని ఉంటే బాగుంటుందండీ, ఇన్నేళ్ళుగా అలాగే చెప్తున్నాం" అన్నారు. బాగుండటం వేరు, ఉండటం వేరు అని చెప్పా, ఆవిడ నవ్వి ఒప్పుకున్నారు.

జాతి కూడా దీనికే ముడిపడి ఉంది. 1796లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్యువియే ఆసియా ఏనుగూ మామత్ ఒకటి కాదని చెప్పింది దవడలూ పళ్ళూ పోల్చి చూసే, అప్పట్నుంచీ పలకల లెక్క, ఎనామెల్ మందం ఈ పనిలో ప్రధానమే. చివరి పన్నుకి దక్షిణ మామత్‌లో 12-14 పలకలు, స్టెప్పీ మామత్‌లో 18-20 చుట్టుపక్కల, ఊలు మామత్‌లో 24 చుట్టుపక్కల ఉంటాయి. ఎనామెల్ దక్షిణ మామత్‌లో 3 మి.మీ. దాకా మందంగా ఉంటే ఊలు మామత్‌లో 1.5 మి.మీ. దగ్గరికి పల్చబడుతుంది. కానీ ఈ నంబర్లు ఎం3వి. అదే జంతువుకి అంతకుముందు వచ్చిన దవడపళ్ళు చిన్నవి, పలకలు పల్చగా దగ్గరదగ్గరగా ఉంటాయి, కాబట్టి 10 సెంటీమీటర్లలో ఎక్కువ పలకలు పడతాయి. కాలంలో ముందొచ్చిన జాతి ఎం2ని ఎం3 అనుకుని కొలిస్తే అది ఊలు మామత్ లాంటి తర్వాతి జాతిలా కనిపించే ప్రమాదం ఉంది. ఎన్నో పన్నో తేలకుండా జాతి గురించి గట్టిగా మాట్లాడటం కుదరదు అనేది అందుకే. ఈ పన్నుకి రెండు ముక్కల్నీ విడివిడిగా కొలిస్తే రెండిట్లోనూ 10 సెంటీమీటర్లకి 8 పలకల దగ్గర వచ్చింది, ఎనామెల్ ఒకటిన్నర మిల్లీమీటర్ల చిల్లర. ఊలు మామత్ అనడానికి అనుకూలమే, ముద్ర వేసేంత కాదు.

రెండు ముక్కలూ ఒకే పన్నువా అని కూడా అడిగారు, మంచి ప్రశ్న. వెడల్పు, ఎనామెల్ మందం, పలకల సాంద్రత, అరుగుదల కొనసాగింపు నాలుగూ కలిశాయి, వేర్వేరు పళ్ళైతే నాలుగూ ఇలా కలవడం కష్టం. తిప్పిన ముక్క ముఖం ముందు ముక్కకి ముట్టుకునేంత దగ్గరగా మాత్రం కూర్చోలేదు, అతికించే ముందు రెండు ముఖాల్నీ ఆకురాయి పెట్టి చదును చేసినట్టు స్కాన్‌లో తెలుస్తోంది.

ఈ కేస్ తర్వాత నా పద్ధతిలో మారినవి

పన్ను చేతికి రాగానే ముందు ఇది ఒకటే ముక్కా అని చూస్తున్నా, ఆ తర్వాతే మిగతా ప్రశ్నలు. ప్రతి పలక అరుగుదల స్టేజ్ వరసగా కాగితం మీద రాస్తా, రింగులా, మూడు ముక్కలా, లూపా, కలిసిన లూపా అని. వరస ఎక్కడైనా వెనక్కి తిరిగితే అక్కడ లెన్స్ పెట్టి చూస్తా. వార్నిష్ ఉన్న పాత నమూనాలకి ఇది మరీ అవసరం, ఎందుకంటే వాటిలో కంటికి అతుకు కనపడదు. పలకల సాంద్రత సగటు రాసేటప్పుడు దాని పక్కన విడి కొలతలన్నీ రాస్తున్నా, తర్వాత చూసేవాళ్ళకి తేడా కనపడాలి కదా.

రెండు గుర్తులు ఒకే మాట చెప్తున్నాయంటే అవి నిజంగా వేర్వేరా, ఒకే కారణానికి రెండు ముఖాలా అని కూడా అడుగుతున్నా. మూపురమూ ఎత్తూ కలిసి చేసిన మోసం మర్చిపోయేది కాదు.

పన్నుని విడదీయలేదు, అలాగే ఉంది. మ్యూజియం వాళ్ళు సరిచేసిన స్కాన్ నుంచి 3డీ ప్రింట్ తీయించి దాన్నే దవడ నమూనాలో కూర్చోబెట్టారు, బాణం దాని మీదే వేశారు. అసలు పన్నుకి బాణాలు రెండు పడ్డాయి, ఒక్కో ముక్కకి ఒకటి, ఎదురెదురుగా. కొత్త లేబుల్: "మామత్, బహుశా ఊలు మామత్ (మముథస్ ప్రిమిజీనియస్). కింది దవడ, ఎడమ, ఎం2 లేదా ఎం3. రెండు చివర్లూ అసంపూర్ణం, కనీసం 15 పలకలు. పాత రిపేర్‌లో వెనక ముక్క తిప్పి అతికించబడింది, లోపల లోహపు కడ్డీ ఉంది, విడదీసే ప్రయత్నం చేయవద్దు." పాత లేబుల్‌నీ, ఆ పెన్సిల్ రాతనీ పారేయకుండా అదే పెట్టెలో ఉంచమని చెప్పాను.